కిట్ కారు

కిట్ కారు అనగా పూర్తిగా తయారైన వాహనంగా కాక విడిభాగాల సమితిగా అమ్మబడి, కొన్నవారు తామే బిగించుకొనే మోటారు కారు. కిట్ అమ్మే సంస్థ సాధారణంగా ఫ్రేము, ఫైబరు గాజు బాడీ, కొన్ని ప్రత్యేక భాగాలు మాత్రమే ఇస్తుంది. ఇంజను, గేరుబాక్సు, ఇరుసులు, స్టీరింగు, బ్రేకులు మొదలైనవి వేరొక పాత కారు నుండి తీసుకొనవలసి ఉంటుంది. ఈ విధంగా తన భాగాలను ఇచ్చే పాత కారును దాత వాహనము అని పిలుస్తారు.

ఇటువంటి కారుకు ఒకటి కంటే ఎక్కువ పుట్టుకలు ఉంటాయి. దాత వాహనం ఒక సంవత్సరంలో ఒక కర్మాగారంలో తయారై ఉంటుంది. ఫ్రేము, బాడీ మరొక సంవత్సరంలో మరొకచోట తయారవుతాయి. అన్నీ కలిపి బిగించినది మూడవ వ్యక్తి. కనుక "ఇది ఏ కారు, ఏ సంవత్సరపు కారు, దీని తయారీదారు ఎవరు" అనే ప్రశ్నలకు సులువైన సమాధానం దొరకదు. కారును రోడ్డు మీదికి తేవాలంటే మాత్రం రవాణా శాఖకు ఈ మూడింటికీ సమాధానం చెప్పవలసిందే. పాత కారు పేరు మీద ఉన్న రిజిస్ట్రేషను కొత్త కారుకు వర్తిస్తుందా లేదా అన్నదే ఈ విషయంలో అసలు చిక్కు. ఆ చిక్కు తీరకపోతే బీమా చెల్లదు. ప్రమాదం జరిగితే నష్టపరిహారం భారం యజమాని మీదనే పడుతుంది.

చరిత్ర

ఛాసిస్ ఒకరు, బాడీ మరొకరు తయారుచేసే పద్ధతి మోటారు కారు పుట్టిననాటి నుండి ఉన్నది. 20వ శతాబ్దం తొలి దశాబ్దాలలో రోల్స్ రాయిస్ వంటి సంస్థలు ఇంజనుతో కూడిన ఛాసిస్ మాత్రమే అమ్మేవి. కొన్నవారు తమకు నచ్చిన బాడీని గుర్రపు బగ్గీలు కట్టే సంస్థల చేత కట్టించుకొనేవారు. హైదరాబాదు ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ కోసం తయారైన పసుపుపచ్చని సిల్వర్ ఘోస్ట్ కారు బాడీని లండనుకు చెందిన బార్కర్ సంస్థ కట్టింది. అయితే వీటిని కిట్ కార్లు అనరు. వీటిలో ఛాసిస్ కొత్తది, తయారీదారు స్పష్టం, కాబట్టి గుర్తింపు సమస్య లేదు.

నేటి అర్థంలో కిట్ కారు రెండవ ప్రపంచ యుద్ధం తరువాత ఇంగ్లండులో ప్రచారంలోకి వచ్చింది. పూర్తిగా తయారైన కారు మీద అక్కడ కొనుగోలు పన్ను భారీగా ఉండేది. విడిభాగాలుగా కొంటే ఆ పన్ను ఉండేది కాదు. కాలిన్ చాప్‌మన్ స్థాపించిన లోటస్ సంస్థ 1957లో విడుదల చేసిన లోటస్ సెవెన్ ఈ వెసులుబాటును బాగా వాడుకొన్నది. కిట్‌తో బిగింపు సూచనలు ఇవ్వరాదనే నిబంధన ఉండడంతో, కారును విడదీసే సూచనలు ఇచ్చి, వాటిని వెనుక నుండి చదువుకోమనేవారని ఒక కథ వ్యాప్తిలో ఉన్నది. 1973లో కొనుగోలు పన్ను స్థానంలో విలువ ఆధారిత పన్ను రావడంతో ఈ లాభం పోయింది. అదే సంవత్సరం లోటస్ సెవెన్ తయారీ హక్కులు కేటర్‌హామ్ సంస్థకు దక్కాయి. పన్ను లాభం పోయినా కిట్ కార్లు పోలేదు. తన కారును తానే కట్టుకోవాలనే కోరిక పన్నుతో ముడిపడినది కాదు.

అమెరికాలో బ్రూస్ మేయర్స్ 1964లో రూపొందించిన మేయర్స్ మాంక్స్ అనే ఇసుక బండి మరొక మైలురాయి. ఫోక్స్‌వాగన్ బీటిల్ కారు బాడీని విప్పి, కింది పళ్లెం వంటి ఛాసిస్‌ను ముక్క కోసి పొట్టిగా చేసి అతికి, దానిపై ఫైబరు గాజు తొట్టి బిగించడం ఈ పద్ధతి. మేయర్స్ తన నమూనాపై పేటెంటు హక్కును న్యాయస్థానంలో నిలుపుకోలేకపోయాడు. ఫలితంగా అసలు మాంక్స్‌ల కంటే నకళ్లు ఎన్నో రెట్లు తయారయ్యాయి. నేడు అసలైన మాంక్స్‌ను గుర్తించడమే ఒక ప్రత్యేక విద్యగా మారింది.

భారతదేశంలో కిట్ కార్లు చాలా అరుదు. ముంబై ప్రాంతానికి చెందిన చింకారా మోటార్స్ సంస్థ లోటస్ సెవెన్ పోలికతో ఫైబరు గాజు బాడీ, 1.8 లీటర్ల ఇసుజు పెట్రోలు ఇంజను గల రోడ్‌స్టర్ అనే కారును తయారుచేసింది. ఇదే ఇసుజు ఇంజనును హిందుస్థాన్ మోటార్స్ తన కాంటెసా, అంబాసిడర్ కార్లలో వాడింది. కనుక బానెట్ ఎత్తి చూసినవారు దీనిని కాంటెసా ఇంజనుగా పోల్చుకోవడంలో తప్పులేదు.

దాత వాహనపు నిర్మాణం

ఏ దాత వాహనం నుండి ఏ భాగం తీసుకొన్నారన్న దానిపైనే కొత్త కారు గుర్తింపు ఆధారపడి ఉంటుంది. ఇది అర్థం కావాలంటే కారు నిర్మాణంలోని రెండు పద్ధతులు తెలియాలి.

మొదటి పద్ధతిలో నిచ్చెన ఆకారంలో ఉక్కు ఫ్రేము విడిగా ఉంటుంది. ఇంజను, ఇరుసులు, చక్రాలు దానికే బిగించబడతాయి. బాడీని బోల్టులతో పైన కూర్చోబెడతారు. జీపులు, లారీలు, బస్సులు, మారుతి జిప్సీ ఈ పద్ధతిలో తయారైనవి. బాడీ విప్పి పక్కన పెట్టినా ఫ్రేము, దానిపై కొట్టిన నంబరు, నడిచే యంత్రం అన్నీ అలాగే ఉంటాయి. బీటిల్ కారులో నిచ్చెనకు బదులు పళ్లెం ఉంటుంది గాని సూత్రం ఇంచుమించు ఇదే.

రెండవ పద్ధతిలో విడి ఫ్రేము ఉండదు. నేల, పక్క పలకలు, స్తంభాలు, పైకప్పు అన్నీ రేకుతో ఒకే పెట్టెగా వెల్డింగు చేయబడి, ఆ పెట్టే బరువు మోస్తుంది. దీనిని మోనోకాక్ అంటారు. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, మారుతి 800 కార్లు ఈ కోవకు చెందినవి. వీటి బాడీని తీసివేస్తే మిగిలేది ఇంజను, ఇరుసులు, కొన్ని కడ్డీలు మాత్రమే. ఛాసిస్ నంబరు కూడా ఆ బాడీ రేకు మీదనే కొట్టబడి ఉంటుంది. కనుక మారుతి 800 ఇంజను, గేరుబాక్సు తీసి కొత్త గొట్టాల ఫ్రేములో బిగించి, "ఇది మా మారుతి కారే, రూపం మాత్రమే మారింది" అనడం నిర్మాణపరంగా నిజం కాదు. ఆ మారుతి కారు తుక్కుగా మారింది. దాని ఇంజను మాత్రం వేరొక వాహనంలో పనిచేస్తున్నది.

భారతదేశంలో చౌకగా దొరికే పాత కార్లలో అత్యధికం రెండవ పద్ధతిలో తయారైనవే. ఇక్కడ కిట్ కార్లు పెరగకపోవడానికి చట్టంతో పాటు ఇది కూడా ఒక కారణంగా చెప్పుకోవచ్చు. పాత జీపులపై రకరకాల బాడీలు కట్టడం మాత్రం దేశమంతటా కనిపిస్తుంది.

గుర్తింపు

వాహనాన్ని గుర్తించడానికి మొదటి ఆధారం ఛాసిస్ నంబరు. నేటి వాహనాలలో ఇది 17 స్థానాలు గల అక్షరాలు, అంకెల సముదాయం. 1, 0 అంకెలతో పొరపాటు పడకుండా ఇందులో ఆంగ్ల అక్షరాలు ఐ, ఓ, క్యూ వాడరు. మొదటి మూడు స్థానాలు తయారీదారును తెలుపుతాయి. ఎంఏ3 అయితే మారుతి సుజుకి, ఎంఏటీ అయితే టాటా, ఎంఏ1 అయితే మహీంద్రా, ఎంఏఎల్ అయితే హ్యుందాయ్. తరువాతి స్థానాలు మోడలును, ఇంజను రకాన్ని, తయారీ కాలాన్ని, కర్మాగారాన్ని తెలుపుతాయి. చివరిది వరుస సంఖ్య. మోడలు సంవత్సరపు సంకేతాన్ని చాలా విదేశీ సంస్థలు 10వ స్థానంలో ఉంచుతాయి. భారతీయ తయారీదారులందరూ ఒకే క్రమం పాటించలేదు కాబట్టి ఆయా సంస్థ పద్ధతి చూసి చదువుకోవాలి. అంబాసిడర్, పద్మిని కాలపు పాత కార్ల నంబర్లు ఇంతకంటే పొట్టిగా, ఒక్కో సంస్థకు ఒక్కో విధంగా ఉంటాయి.

రెండవ ఆధారం ఇంజను నంబరు. దీని మొదటి అక్షరాలను బట్టి దాత వాహనాన్ని చాలావరకు చెప్పవచ్చు. ఎఫ్8బీతో మొదలైతే అది 796 సీసీల పాత మారుతి 800 లేదా ఓమ్ని ఇంజను. ఎఫ్10ఏ అయితే తొలినాటి జిప్సీలోని 970 సీసీల ఇంజను. జీ13 శ్రేణి అయితే తరువాతి జిప్సీలో వాడిన 1298 సీసీల ఇంజను. 1489 సీసీల ఇంజను అంబాసిడర్‌ను, 1089 సీసీల ఇంజను పద్మినిని సూచిస్తాయి. అయితే ఇంజను ఒక కారు నుండి మరొక కారుకు సులువుగా మారే భాగం. అది దాత ఎవరో చెబుతుంది గాని కారు ఎవరో చెప్పదు.

నంబర్లు లేనిచోట చిన్న వస్తువులే సాక్ష్యం. బాడీ ఫైబరు గాజుతో ఎంత కొత్తగా పోతపోసినా, తలుపు గొళ్లేలు, వెనుక దీపాలు, స్టీరింగు పెట్టె, మీటర్లు, వైపర్ మోటారు, చక్రానికి ఉండే బోల్టుల సంఖ్య, వాటి మధ్య దూరం మొదలైనవి ఏదో ఒక కర్మాగారంలో తయారైన కారువే అయి ఉంటాయి. గాజు అద్దంపై తయారీదారు ముద్ర ఉంటుంది. ముందు అద్దం పోతపోయడం ఖర్చుతో కూడిన పని కాబట్టి, చిన్న సంస్థలు ప్రచారంలో ఉన్న ఏదైనా కారు అద్దాన్ని తీసుకొని దానికి తగినట్లు బాడీని గీసుకొంటాయి. అరుదైన కిట్ కారును పోల్చవలసి వచ్చినప్పుడు అనుభవజ్ఞులు అద్దాన్ని ముందుగా చూడడానికి కారణం ఇదే. బాడీ లోపలివైపు, సీటు కింద, బానెట్ అడుగున తయారీదారు వరుస సంఖ్య గల చిన్న పలక ఉండవచ్చు. ఇది బాడీ నంబరే గాని ఛాసిస్ నంబరు కాదు.

నంబరు చెరిగిపోవడం మరొక సమస్య. పూడిమడక వంటి సముద్రతీర ప్రాంతాలలో ఉప్పుగాలికి ఉక్కు త్వరగా తుప్పు పడుతుంది. ఫ్రేము మీద కొట్టిన అంకెలు పొరలు పొరలుగా ఊడిపోతాయి. రిజిస్ట్రేషను సమయంలో ఛాసిస్ నంబరు మీద కాగితం ఉంచి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసే పద్ధతి తెలిసినదే. తుప్పు పట్టిన ఫ్రేము మీద ఆ అచ్చు సరిగా పడదు. తుప్పు వలన చెరిగినదానికీ, దొంగతనాన్ని దాచడానికి ఆకురాయితో అరగదీసినదానికీ తేడా తెలుసుకొనే మార్గం ఉన్నది. అచ్చు కొట్టినప్పుడు అంకె కింది లోహం కూడా నొక్కుకుపోతుంది. పైపొర అరిగిపోయినా ఆ నొక్కు లోపల మిగిలి ఉంటుంది. ఆ చోటును నునుపు చేసి రాగి క్లోరైడు, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిసిన ద్రావకాన్ని పూస్తే నొక్కుకుపోయిన లోహం చుట్టూ ఉన్న లోహం కంటే భిన్నంగా కరిగి, పాత అంకెలు మసకగా బయటపడతాయి. న్యాయవిజ్ఞాన ప్రయోగశాలలు వాడే పద్ధతి ఇది. చెరిగిన నంబరును యజమాని తానే మళ్లీ కొట్టించుకోవడం నేరం కింద లెక్కించబడవచ్చు. రిజిస్టరింగ్ అధికారి అనుమతితో మాత్రమే ఆ పని జరగాలి.

ఇతర దేశాలలో రిజిస్ట్రేషను

కిట్ కార్లు ఎక్కువగా ఉన్న దేశాలు వాటి కోసం ప్రత్యేక నియమాలు ఏర్పరచుకొన్నాయి. బ్రిటన్ చాలాకాలం పాయింట్ల పద్ధతి అనుసరించింది. ఛాసిస్ లేదా మోనోకాక్ బాడీకి 5, సస్పెన్షనుకు 2, ఇరుసులకు 2, గేరుబాక్సుకు 2, స్టీరింగుకు 2, ఇంజనుకు 1 పాయింటు. మార్పులు చేసిన కారులో అసలు కారు భాగాలకు కనీసం 8 పాయింట్లు వస్తేనే, అందులోనూ ఛాసిస్ మార్పు లేనిదైతేనే పాత రిజిస్ట్రేషను నంబరు నిలిచేది. ఇంజనుకు ఒక్క పాయింటు మాత్రమే ఇవ్వడం గమనించదగినది. సామాన్యులు కారుకు గుండెకాయగా భావించే భాగానికి చట్టం దృష్టిలో అన్నిటికంటే తక్కువ విలువ.

కిట్ సంస్థ నుండి కొత్త ఛాసిస్ కొని, ఒకే దాత వాహనం నుండి రెండు ముఖ్య భాగాలు వాడితే దాత వయసును సూచించే నంబరు ఇచ్చేవారు. పుట్టుక తేల్చలేని వాటికి క్యూ అక్షరంతో మొదలయ్యే నంబరు దక్కేది. క్యూ నంబరు ఉన్న కారుకు అమ్మకంలో విలువ తగ్గడం వలన యజమానులు దానిని తప్పించుకోవడానికి నానా తంటాలు పడేవారు. వీటితో పాటు, ఒక్కొక్క కారును విడివిడిగా పరీక్షించి అనుమతించే పద్ధతి అక్కడ 1998లో ప్రారంభమై, 2009లో మరింత కఠినమైన రూపం పొందింది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 2001 నాటి చట్టం ద్వారా ప్రత్యేకంగా నిర్మించిన వాహనాలకు సంవత్సరానికి 500 చొప్పున పొగ పరీక్షలో వెసులుబాటు కల్పించింది.

భారతదేశంలో చట్టం

మోటారు వాహనాల చట్టము, 1988 లోని 39వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషను లేని వాహనాన్ని బహిరంగ ప్రదేశంలో నడపరాదు. రిజిస్ట్రేషను కోసం ఫారం 20లో దరఖాస్తు చేసుకోవాలి. దానితో పాటు ఫారం 21లో అమ్మకపు ధృవపత్రం, ఫారం 22లో వాహనం రోడ్డుకు యోగ్యమైనదని తయారీదారు ఇచ్చే పత్రం, బీమా పత్రం జతచేయాలి. కిట్ కారు యజమాని ఇక్కడే ఆగిపోతాడు. అతనికి కారు అమ్మినవారు లేరు, తయారీదారు తానే.

తయారీదారుగా తానే పత్రం ఇచ్చుకోవచ్చునా అంటే, కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989 లోని 126వ నియమం అడ్డు వస్తుంది. ప్రతి తయారీదారు తన మోడలు నమూనాను గుర్తింపు పొందిన పరీక్షా సంస్థకు ఇచ్చి ధృవీకరణ పొందాలి. పుణేలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ ఇటువంటి సంస్థలు. 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజ్ 6 ఉద్గార ప్రమాణాలు కూడా వర్తిస్తున్నాయి. వేల కార్లు అమ్మే సంస్థకు ఈ పరీక్షల ఖర్చు ఒక లెక్క కాదు. ఒకే ఒక్క కారు కట్టుకొన్న వ్యక్తికి ఆ ఖర్చు కారు విలువను మించిపోతుంది. బ్రిటన్‌లో వలె ఒంటి కారును తక్కువ ఖర్చుతో పరీక్షించి అనుమతించే ప్రత్యేక తరగతి భారత చట్టంలో లేదు. ఈ లోపం సొంత నైపుణ్యంతో వాహనం నిర్మించేవారికి అన్యాయమే. అయితే పరీక్ష లేని బండి వలన దారిన పోయేవారికి కలిగే ప్రమాదాన్ని కూడా మరువరాదు.

రెండవ మార్గం దాత వాహనం ఆర్.సి.ని, అంటే వాడుకలో సి-బుక్కును, కొనసాగించడం. దీనికి 52వ సెక్షను అడ్డు. ఆర్.సి.లోని వివరాలు తయారీదారు మొదట పేర్కొన్న వివరాలతో విభేదించే విధంగా వాహనాన్ని మార్చరాదని ఈ సెక్షను చెబుతున్నది. వాహనపు మౌలిక లక్షణం మారే విధంగా దాని నిర్మాణాన్ని మార్చడమే ఇక్కడ మార్పు అనే మాటకు అర్థం. 2019 జనవరి 9న కె. జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షనును గట్టిగా సమర్థించింది. బాడీ, ఛాసిస్ వంటి వాటిని తయారీదారు నిర్దేశాలకు విరుద్ధంగా మార్చిన వాహనాన్ని రిజిస్టరు చేయరాదని, రాష్ట్ర నియమాల పేరుతో కూడా దానిని అనుమతించరాదని తీర్పు ఇచ్చింది. 2019లోనే చట్టానికి జరిగిన సవరణ ద్వారా వచ్చిన 182ఎ సెక్షను, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చునని పేర్కొన్నది.

అన్ని మార్పులూ నిషిద్ధం కావు. పాడైన ఇంజను స్థానంలో అదే రకం ఇంజను బిగించి 14 రోజులలోగా రిజిస్టరింగ్ అధికారికి తెలియజేసి ఆర్.సి.లో నమోదు చేయించుకోవచ్చు. ఆమోదం పొందిన సీఎన్‌జీ కిట్, విద్యుత్ కిట్ బిగించుకోవచ్చు. విద్యుత్ కిట్లకు ఏఐఎస్-123 అనే ప్రమాణం ఉన్నది. వికలాంగులు తమ అవసరానికి తగినట్లు వాహనాన్ని మార్చుకోవడానికి కూడా చట్టం వీలు కల్పించింది. కాబట్టి భారతీయ మెకానిక్కు దగ్గర "కిట్" అనే మాట వినిపిస్తే అది గ్యాసు కిట్ అని అర్థం చేసుకోవాలి, ఈ వ్యాసంలోని కిట్ కాదు.

చట్టం ఎందుకింత కఠినంగా ఉన్నదో తెలియడానికి జుగాడ్ ఉదాహరణ చాలు. నీటి పంపు ఇంజను, పాత జీపు భాగాలు, చెక్క పలకలు కలిపి ఉత్తర భారత గ్రామాలలో కట్టే బండి ఇది. ఒక విధంగా ఇది పేదవాని కిట్ కారు. రాజస్థాన్ రోడ్డు రవాణా సంస్థ వేసిన కేసులో 2013 మే నెలలో సుప్రీంకోర్టు జుగాడ్ కూడా మోటారు వాహనమేనని, రిజిస్ట్రేషను, బీమా, లైసెన్సు లేకుండా దానిని నడపరాదని స్పష్టం చేసింది. అటువంటి బండి ఢీకొని మరణించినవారి కుటుంబానికి పరిహారం చెల్లించే బీమా సంస్థ ఏదీ ఉండదు. బండి యజమాని వద్ద ఆ బండి తప్ప మరేమీ ఉండదు.

ఆంధ్ర ప్రదేశ్‌లో

తెలుగునాట దాత వాహనపు కిట్ కార్లు రోడ్డు మీద కనిపించడం బహు అరుదు. కాని ఒకరి ఛాసిస్‌పై మరొకరు బాడీ కట్టే వృత్తి మాత్రం ఇక్కడ బలంగా వేళ్లూనుకొని ఉన్నది. విజయవాడ ఆటోనగర్‌లోను, విశాఖపట్నంలో గాజువాక వద్ద ఉన్న ఆటోనగర్‌లోను లారీ ఛాసిస్‌లకు బాడీలు కట్టే షెడ్లు ఉన్నాయి. కొత్త లారీ కర్మాగారం నుండి డ్రైవరు కూర్చొనే గది, ఛాసిస్ మాత్రమే కలిగి రావడం, వెనుక భాగాన్ని ఇక్కడి వెల్డర్లు, వడ్రంగులు కట్టడం ఎప్పటినుండో ఉన్నదే. ఛాసిస్ తయారీదారు ఫారం 22 ఇస్తే, బాడీ కట్టినవారు ఫారం 22-ఎ ఇస్తారు. బస్సు బాడీలకు ఏఐఎస్-052, లారీ బాడీలకు ఏఐఎస్-093 ప్రమాణాలు ఉన్నాయి. చేతిపనితో కట్టిన బాడీని భారత చట్టం నిరాకరించదనడానికి ఇదే నిదర్శనం. ఛాసిస్ కొత్తదై, దాని తయారీదారు బాధ్యత వహించి ఉండాలన్నదే షరతు. కిట్ కారుకు కొరవడినది ఆ బాధ్యత వహించేవాడే.

అచ్యుతాపురం ఒకప్పటి విశాఖపట్నం జిల్లాలోని మండల కేంద్రం. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో నేడు అది భాగం. ఈ ప్రాంతంలో ఎవరైనా మార్పులు చేసిన జీపునో, అరుదైన కారునో కొనదలిస్తే నంబరు పలకను బట్టి దాని చరిత్ర కొంత తెలుసుకోవచ్చు. విశాఖపట్నం జిల్లా పాత వాహనాలకు ఏపీ 31తో మొదలయ్యే నంబర్లు ఉంటాయి. 2019 నుండి రాష్ట్రమంతటికీ ఏపీ 39 అనే ఒకే సంకేతం రావడంతో నంబరును బట్టి జిల్లాను చెప్పే వీలు పోయింది. హైదరాబాదులో 2014కు ముందు రిజిస్టరు అయిన వాహనం ఏపీ 9 నుండి ఏపీ 13 వరకు గల సంకేతాలలో ఏదైనా కలిగి ఉండవచ్చు. ఏపీ అని ఉన్నంత మాత్రాన అది నేటి ఆంధ్ర ప్రదేశ్ వాహనం కానక్కరలేదు. 1989కి ముందు నంబర్లలో మూడు అక్షరాలు, తరువాత అంకెలు మాత్రమే ఉండేవి. కారు రూపం కొత్తదై, నంబరు ఇటువంటి పాతదైతే ఆ నంబరు దాత వాహనానిదై ఉంటుందని అనుమానించాలి.

కొనేవారు సరిచూడవలసినది ముఖ్యంగా ఒక్కటే. ఆర్.సి.లోని ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు, తయారీదారు, మోడలు, బాడీ రకం, సీట్ల సంఖ్య, తయారీ నెల ఎదురుగా ఉన్న కారుతో సరిపోవాలి. ఆర్.సి.లో "సెలూన్" అని ఉండి ఎదుట పైకప్పు లేని రెండు సీట్ల బండి ఉంటే, కాగితం ఒక కారుది, బండి మరొకటి అన్నమాట. ఆర్.సి.ని అమ్మినవాని పేరు నుండి కొన్నవాని పేరుకు మార్చినంత మాత్రాన ఈ తేడా తొలగిపోదు. ఫిట్‌నెస్ కోసమో, 15 సంవత్సరాల తరువాత రిజిస్ట్రేషను పొడిగింపు కోసమో బండిని మోటారు వాహనాల ఇనస్పెక్టరు (వాడుకలో బ్రేకు ఇనస్పెక్టరు) ఎదుటికి తీసుకువెళ్లిన రోజున అది బయటపడుతుంది. సైన్యం వేలం వేసిన జీపులైతే సంబంధిత అధికారులు ఫారం 21లో ఇచ్చిన అసలు అమ్మకపు పత్రం తప్పనిసరి. ఆ పత్రం పోగొట్టుకొన్న జీపు ఎంత బాగున్నా, దానిని కొత్తగా రిజిస్టరు చేయించడం దాదాపు అసాధ్యం.

తుక్కు చేసిన వాహనం ఆర్.సి.ని దాచుకొని మరొక బండికి తగిలించే అలవాటును అరికట్టడానికి 2021లో వాహనాల తుక్కు కేంద్రాల నియమాలు వచ్చాయి. వీటి ప్రకారం తుక్కు కేంద్రం వాహనాన్ని విడదీసేటప్పుడు ఛాసిస్ నంబరు ఉన్న ముక్కను వేరుగా కోసి తీయాలి. వాహనపు రిజిస్ట్రేషను రద్దవుతుంది. 2019 ఏప్రిల్ 1 తరువాత తయారైన కొత్త వాహనాలకు బిగించే అధిక భద్రత నంబరు పలకపై లేజరుతో చెక్కిన సంఖ్య ఉంటుంది. అది ఇంజను, ఛాసిస్ నంబర్లతో ముడిపడి ఉండడం వలన కాగితం ఒకచోట, బండి ఒకచోట పెట్టడం ఇదివరకటంత సులువు కాదు.

పాతకాలపు కార్లు, నకళ్లు

50 సంవత్సరాలు దాటిన వాహనాలకు 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం ప్రత్యేక రిజిస్ట్రేషను ప్రవేశపెట్టింది. వీటి నంబరులో రాష్ట్ర అక్షరాల తరువాత వీఏ అనే అక్షరాలు ఉంటాయి. కొత్త రిజిస్ట్రేషనుకు రుసుము 20,000 రూపాయలు, 10 సంవత్సరాలు చెల్లుతుంది. ఆ తరువాత పొడిగింపుకు 5,000 రూపాయలు. ఈ వాహనాలను ప్రదర్శనలు, ర్యాలీలు, పరిశోధన, మరమ్మతు, ఇంధనం నింపుకోవడం వంటి అవసరాలకు మాత్రమే రోడ్డు మీదికి తీసుకురావచ్చు. అయితే ఛాసిస్, బాడీ, ఇంజనులలో చెప్పుకోదగ్గ మార్పు జరిగి ఉండరాదనే షరతు ఉన్నది. 1960ల నాటి జీపు ఫ్రేముపై 1930ల నాటి కారు రూపంలో ఫైబరు గాజు బాడీ కట్టిస్తే, ఫ్రేము 50 సంవత్సరాలు దాటినప్పటికీ ఆ వాహనం వింటేజి కాజాలదు. పెళ్లి ఊరేగింపులకు అద్దెకు ఇచ్చే పాతకాలపు రూపం గల కార్లను చూసినప్పుడు ఈ తేడా గుర్తుంచుకోదగినది.

రోడ్డుకు వెలుపల

రిజిస్ట్రేషను అక్కరలేని చోట మాత్రం సొంత నిర్మాణానికి అడ్డు లేదు. ఇంజనీరింగు విద్యార్థులు బాహా వంటి పోటీల కోసం గొట్టాల ఫ్రేముతో, కొన్న ఇంజనుతో బండ్లు కడతారు. అవి మూసివేసిన ట్రాకులపై మాత్రమే నడుస్తాయి, లారీ మీద వెళ్లి లారీ మీద తిరిగి వస్తాయి.

తెలుగునాట దాత వాహనాల కళకు అన్నిటికంటే ప్రసిద్ధి చెందిన చిరునామా హైదరాబాదు బహదూర్‌పురాలో, నెహ్రూ జంతు ప్రదర్శనశాల సమీపంలో ఉన్న సుధా కార్ల మ్యూజియం. కన్యబోయిన సుధాకర్ దీనిని 2010లో ప్రారంభించాడు. పాత వాహనాల ఇంజన్లు, తుక్కు భాగాలతో ఆయన నిర్మించిన బండ్లు బర్గరు, క్రికెట్ బ్యాటు, మడమ చెప్పు, చేతిసంచి, కెమెరా, పుస్తకం, వంకాయ వంటి ఆకారాలలో ఉంటాయి. ఇవి బొమ్మలు కావు, ఇంజనుతో నడిచే వాహనాలు. 12.67 మీటర్ల ఎత్తు, 5.18 మీటర్ల వ్యాసం గల చక్రాలతో ఆయన నిర్మించిన మూడు చక్రాల సైకిలును 2005 జూలై 1న హైదరాబాదులో నడిపారు. అది ప్రపంచంలోనే అతిపెద్దదిగా గిన్నిస్ రికార్డులకు ఎక్కింది. ఈ బండ్లు మ్యూజియంలో ప్రదర్శనకు ఉన్నాయి. వంకాయ కారు ముందు నిలబడిన సందర్శకులలో దాని ఇంజను ఏ బండిదో కనిపెట్టాలని అడుగుభాగంలోకి వంగి చూసేవారు కొందరు ఎప్పుడూ ఉంటారు.